థండర్ ఎక్కి ఒంటిపంది వేట

2018 జూలై మొదటి సోమవారం ఉదయం నన్ను వేటగాడిగా నియమించారు. ఉత్తర్వులో ఆ మాట లేదు. "అడవిపందిని మత్తులో ఉంచి పట్టే పనికి సాంకేతిక బాధ్యుడు" అని ఉంది. కానీ ఒక తుపాకి, ఒక గుర్రం, ఒక పంది ఒకే కాగితం మీదకు వస్తే తెలుగులో దాన్ని వేట అనే అంటారు.

అప్పటికి పదకొండేళ్ళుగా నేను సింగపూర్ పడమటి కొసన ఉన్న ఒక గుర్రపుస్వారీ కేంద్రంలో పశువైద్యుణ్ణి. జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారితే గుర్రపుసాల. సింగపూర్‌లో అడవి ఎక్కడిదని మనవాళ్ళు అడుగుతుంటారు. ఉంది. రెండు పెద్ద రోడ్ల మధ్య సర్దుకుని కూర్చుంటుంది, అంతే. మా కేంద్రం వెనక అలాంటి అడవి ఒకటి, దానిలో గుర్రాల కోసం వేసిన మట్టిబాట ఒకటి ఉండేవి. స్వారీ కొత్తగా నేర్చుకునేవాళ్ళని ఆ బాటలో నెమ్మదిగా తిప్పుకొచ్చేవారు.

ఒక విషయం ముందే ఒప్పుకోవాలి. గుర్రాన్ని నేను ముందునుంచి, వెనకనుంచి, కిందనుంచి, కొన్ని సందర్భాల్లో భుజం దాకా చెయ్యి పెట్టి లోపలినుంచి కూడా ఎరుగుదును. పైనుంచి మాత్రం ఎరగను. తిరుపతిలో పశువైద్యం చదివిన రోజుల్లో మాకు గుర్రం మీద రెండు పాఠాలే ఉండేవి. ఒకటి కడుపునొప్పి, రెండోది దూరంగా నిలబడటం. డ్రైవింగు రాని మెకానిక్కులు లోకంలో చాలామంది ఉన్నారు. నన్నూ ఆ జాబితాలో వేసుకోండి.

ఆ జూన్‌లో మట్టిబాట మీదకి ఒక మగ అడవిపంది రావడం మొదలుపెట్టింది. గుంపుతో కాదు, ఒంటరిగా. పొద్దున్నే ఏడు గంటలకు పొదల్లోంచి బయటపడి, బాట దాటి, తన పనిమీద తను వెళ్ళేది. దానికి ఎవరిమీదా కక్ష లేదు. గుర్రాలకి ఆ సంగతి తెలియదు. రెండు వారాల్లో ముగ్గురు స్వారీదారులు తమ ప్రమేయం లేకుండా కిందికి దిగారు. ఒకాయన మణికట్టు విరిగింది. బీమా కంపెనీ ఉత్తరం రాసింది. నెలాఖరులోగా పందిని తొలగించకపోతే బాటను శాశ్వతంగా మూసెయ్యాలని దాని సారాంశం.

మేనేజరు మిస్ టాన్ ఆ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం కూడా నా బల్లమీద పెట్టింది. అది థండర్ కాగితం.

థండర్ మా కేంద్రంలో అందరికంటే పెద్దది. ఇరవై మూడేళ్ళ గోధుమరంగు గుర్రం. ఒకప్పుడు పందెపు గుర్రం. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎంతో ఆశతో పెట్టి ఉంటారు. నేను చూసిన పదకొండేళ్ళలో అది నడక దాటి ఎరగదు. ముందుకాళ్ళకి కీళ్ళవాతం. మైదానంలో గుండ్రంగా తిరగలేదు, దూకలేదు. తిన్నగా ఉండే మట్టిబాట మీద, భయపడుతున్న మనుషుల్ని మోస్తూ నడవగలదు. ఆ ఒక్క పనిలో దానికి సాటి లేదు. బాట మూస్తే దానికి పని లేదు. పనిలేని గుర్రాన్ని ఊరికే పెట్టుకునేంత స్థలం ఆ దేశంలో ఎవరి దగ్గరా లేదు. తీసుకునేవారి కోసం మిస్ టాన్ నిజంగానే చాలాచోట్లకు ఫోన్లు చేసింది. ఎవరూ దొరకలేదు. అప్పుడిక మిగిలేది ఆ దయామరణపు కాగితం. దాని మీద సంతకం నాది, సూది కూడా నాదే.

"థర్టీఫస్ట్ లాస్ట్ డే, డాక్టర్. నాట్ మై రూల్ లా," అంది మిస్ టాన్, చివర్న ఆ ఊరి ఊతపదం "లా" తగిలించి. ఆ మాట అంటూ కిటికీలోంచి థండర్‌ని చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

థండర్‌ని చూసుకునే సైసు ఓబులేసు. సైసు అంటే గుర్రానికి మేత, మాలీషు, స్నానం, సంసారం అన్నీ చూసేవాడు. అనంతపురం జిల్లావాడు. వర్క్ పర్మిట్ మీద షిప్‌యార్డులో వెల్డింగు పనికొచ్చి, నాలుగేళ్ళ తర్వాత గుర్రాల దగ్గరికి మారాడు. గుర్రం కొత్త కాదా అని మొదటిరోజు అడిగితే, "మెడకింద గోకితే అదీ ఎద్దే గదా సార్," అన్నాడు. అంతకు మించిన పాఠం మా కాలేజీలో చెప్పలేదు.

కాగితం సంగతి అతనికి ఎలా తెలిసిందో తెలియదు. ఆ సాయంత్రం బకెట్టు కడుగుతూ అడిగాడు.

"సంతకం ఎవురు చేస్తారు సార్?"

"నేనే."

కడిగిన బకెట్టు మళ్ళీ నింపాడు. థండర్‌కి ఆరోజు రెండోసారి స్నానం చేయించాడు.

ఇక సరంజామా గురించి. నిద్రసూది తుపాకి పేల్చడానికి మందుగుండు ఉండదు, గ్యాసు ఉంటుంది. పక్కన గడియారంలాంటి చిన్న పీడనమాపకం. దూరాన్ని బట్టి ఆ ముల్లు సరిచెయ్యాలి. తక్కువైతే సూది దారిలోనే పడుతుంది, ఎక్కువైతే జంతువు ఎముక విరుగుతుంది. సింగపూర్‌లో ఇలాంటిది ఉంచుకోవడానికి లైసెన్సు, ఇనప బీరువా, రెండు తాళాలు, ఒక రిజిస్టరు కావాలి. బీరువా తలుపు ఎందుకు తీశామో ప్రతిసారీ రాయాలి. నా ఇష్టం మాత్రం తుపాకి మీద కాదు, ఊదుగొట్టం మీద. ఆరడుగుల అల్యూమినియం గొట్టం. నోటితో ఊదితే పది మీటర్ల లోపు సూది చప్పుడు లేకుండా వెళ్తుంది. గ్యాసు వద్దు, ముల్లు వద్దు. గుర్రాలకి దాని అవసరం ఏడాదికోసారి కూడా రాదు. మిగతా రోజుల్లో దాన్ని సాలెగూళ్ళు దులపడానికి వాడేవాణ్ణి.

మొదటి ఆయుధం ఇవి రెండూ కాదు, బోను. లోపల ఎర ముట్టుకుంటే తలుపు పడే పెద్ద ఇనప బోను. అధికారుల అనుమతితో రెండో వారంలో వచ్చింది. దాన్ని బాటపక్కన నిలబెట్టాక ఓబులేసు పూజ చెయ్యాలన్నాడు. దసరా ఇంకా మూడు నెలలుందని గుర్తుచేశాను.

"కొత్త పనిముట్టు వచ్చిన దినమే దసరా సార్. ఊరికే వాడితే పని జేస్తాదా?"

శాస్త్రం చదివినవాణ్ణి గనక నేను అడ్డుపడాల్సింది. కానీ నాది కొత్త స్కూటరు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించిన వంశం. చెప్పులు విప్పి నిలబడ్డాను. బోను ఊచలకి పసుపు రాశాడు. నాలుగు మూలలా అగరొత్తులు గుచ్చాడు. లోపల పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. లిటిల్ ఇండియాలో కొన్న బూడిదగుమ్మడికాయ కోసి, కుంకుమ పోసి, దిష్టి తీసి, అరవై అడుగుల దూరంలో మట్టిబాటలో ఒక కాలిబాట కలిసేచోట పగలగొట్టాడు. తుపాకి కూడా ఆయుధమే కదా అన్నాడు. బీరువాలోంచి తీసి తెచ్చాను. రిజిస్టరులో "తనిఖీ నిమిత్తం" అని రాశాను. దానికి ఐదుచోట్ల బొట్లు పెట్టాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బోనులో మొక్కజొన్న అలాగే ఉంది. చెట్టుకి కట్టిన కెమెరాలో రోజూ ఒకటే దృశ్యం. పంది వస్తుంది. బోనుకి చాలా దూరంలోనే ఆగుతుంది. ముట్టె ఎత్తి గాలి పీలుస్తుంది. ఆ తర్వాత ఆలస్యంగా గుడికొచ్చి తలుపులు మూసి ఉన్నాయని తెలిసిన మనిషిలా వెనక్కి తిరుగుతుంది.

నేల అడుగున ఉన్న దుంపని వాసనతో పట్టే జంతువు అది. మేము దానికి కర్పూరం, అగరొత్తులు, పసుపు కలిపి ప్రకటన ఇచ్చాం. ఇలాంటి పొరపాటు మా ఇద్దరిలాంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. బోనుని మూడుసార్లు వేడినీళ్ళతో కడిగాం. పది రోజుల తర్వాత కూడా నాకే వాసన వచ్చింది. మిస్ టాన్ అటుగా వెళ్తూ, టెంపుల్ స్మెల్ వెరీ నైస్ అని మెచ్చుకుంది.

నడుచుకుంటూ వెళ్ళి తుపాకితో కొడదామని రెండు రోజులు ప్రయత్నించాను. మనిషి నీడ పడితే చాలు, పంది పొదల్లో కలిసిపోయేది. ఇరవయ్యారో తారీఖు పొద్దున కెమెరా బొమ్మలు మళ్ళీ మొదట్నుంచీ చూస్తుంటే ఓబులేసు నా భుజం మీదుగా వంగాడు.

"సార్, ఆ పొద్దు పగలగొట్టిన గుమ్మడికాయ యాడ?"

"ఊడ్చేవాళ్ళు తీసుంటారు."

"నేనడిగినా. తియ్యలేదంట. తొక్క గూడ లేదు సార్. గింజ గూడ లేదు."

 ఆ సాయంత్రమే ఇంకో గుమ్మడికాయ తెచ్చి అదేచోట పెట్టి, కెమెరా అటు తిప్పాం. మర్నాడు ఏడుంబావుకి పంది వచ్చి, తొక్కతో, గింజలతో సహా తిని వెళ్ళింది. ఆ దేశంలో అడవిజంతువులకి మేత పెట్టడం నేరం. అందుకని బోను అనుమతిపత్రంలో ఎర జాబితా తిరగేసి, "కూరగాయలు" అన్న మాట చూసి ఊపిరి పీల్చుకున్నాను. మొదటి గుమ్మడికాయ గురించి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బొమ్మల్లో ఇంకో సంగతి ఉంది. మనిషిని చూస్తే పారిపోయే పంది, గుర్రం పక్కనుంచి పోతుంటే తల కూడా ఎత్తలేదు. గుర్రమ్మీద మనిషి ఉన్నా సరే.

"అది ఆరు కాళ్ళ జీవమేదో అనుకొంటాది సార్. మనిషని అనుకోదు," అన్నాడు ఓబులేసు. "నువ్వు గుర్రమెక్కు. నేను ముందర తాడు పట్టుకొని నడుస్తా. సైసును చూసి చూసి దానికి అలవాటే."

"ఏ గుర్రం?"

అడగాల్సిన ప్రశ్న కాదు. పందిని చూసి బెదరని గుర్రం మా దగ్గర ఒకటే ఉంది.

ఇరవై తొమ్మిది ఉదయం ఆరున్నరకి నేను గుర్రమెక్కాను. ఎక్కించారు అనడం సబబు. ఒక ఎత్తుపీట, ఓబులేసు భుజం, దేవుడి దయ మూడూ వాడాం. పెద్దవాళ్ళు ఎవరి సరంజామా వాళ్ళు తెచ్చుకుంటారు గనక కేంద్రంలో మిగిలిన పిల్లల రక్షణ కోటు ఒకటే. గులాబీరంగుది, వీపు మీద తెల్ల నక్షత్రం. నెత్తిన హెల్మెట్, మెడలో తుపాకి, జేబుల్లో సూదులు, స్టెతస్కోపు. ఊదుగొట్టం పట్టడానికి నాకు మూడో చెయ్యి లేదు గనక ఓబులేసు దాన్ని చేతికర్రలా పట్టుకున్నాడు. అతని భుజానికి సంచి, సంచిలో ఇంకో గుమ్మడికాయ ముక్కలు. అధికారులు పంపిన నలుగురు మనుషులు లారీతో గేటు దగ్గర ఉన్నారు. మిస్ టాన్ ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ ఎక్కడో తిరుగుతోందని విన్నాను.

పథకం పుస్తకంలో రాసినంత శుభ్రంగా ఉంది. బాటలు కలిసేచోట రెండు చెక్కలుగా కోసిన గుమ్మడికాయ. ఇరవై ఐదు మీటర్ల దూరంలో థండర్ నిలబడుతుంది. పంది తినడంలో ఉండగా తొడకండ మీద సూది. మందు పట్టడానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. ఆ లోపల తరమకూడదు. తరిమితే భయంతో మందుని కూడా దాటి పరుగెడుతుంది. దూరంగా, నెమ్మదిగా వెనక నడవాలి. నెమ్మదిగా నడవడం అనే అర్హత మా గుర్రానికి ఉన్నంతగా ఏ గుర్రానికీ లేదు.

ఏడుంబావుకి పంది వచ్చింది. దగ్గర దగ్గర ఎనభై కిలోలు ఉంటుందని లెక్క వేశాను. తుపాకి ఎత్తాను. పీడనమాపకం చూశాను. ముల్లు కనిపించలేదు. అద్దం నిండా ఓబులేసు పెట్టిన బొట్టు ఎండి బిగుసుకుని ఉంది. నడిచి వేటకెళ్ళిన రెండు రోజుల్లోనూ తుపాకి ఎత్తేలోపే పంది మాయమవడంతో అది నా కంట పడలేదు. గోటితో గీకాను. గీరిన మేరకి సున్నా ఒక్కటే కనిపించింది.

నేను గీకుతుండగా చెట్లు కదులుతున్నాయని గమనించాను. చెట్లు కదలవు. థండర్ నడుస్తోంది. దాని ముక్కుకి గుమ్మడికాయ వాసన తగిలింది. పదకొండేళ్ళలో ఆ గుర్రానికి ఒక ఆశయం ఉందని నాకు మొదటిసారి తెలిసింది. కళ్ళెం లాగాను. నేను లాగుతున్నట్టు దానికి తెలిసిన దాఖలా లేదు.

"పట్టుకో ఓబులేసూ!" అన్నాను గుసగుసగా.

"పట్టుకొనే ఉండా సార్. అదే నన్ను పట్టుకొని పోతాంది."

థండర్ నేరుగా వెళ్ళి, పందికి ఎదురుగా తల వంచి, రెండో చెక్క తినడం మొదలుపెట్టింది. పంది ఒకసారి చూసింది. హోటల్లో ఎదురు కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుంటే చూసినట్టు చూసి, మళ్ళీ తన చెక్క మీదికి వంగింది. నాకూ పందికీ మధ్య మూడు మీటర్లు. ఆ దూరంలో, ముల్లు కనపడని తుపాకి పేల్చడం నేరం, మూర్ఖత్వం కూడా. కిందకి చూశాను. ఓబులేసు అప్పటికే ఊదుగొట్టాన్ని మెల్లగా పైకి అందిస్తున్నాడు.

సూది ఎక్కించి, గొట్టం పెదాలకి ఆనించి ఊదాను. ఊళ్ళో చేసినదాంతో కలిపి పదహారేళ్ళ సర్వీసులో అంత దగ్గర్నుంచి, అంత ఎత్తునుంచి, అంత గులాబీ కోటులో నేనెప్పుడూ ఊదలేదు. సూది తొడకండలో దిగింది. పంది తోక విదిల్చి, మిగిలిన ముక్క నోట కరుచుకుని బయల్దేరింది.

గడియారం చూసుకుని వెనక పడ్డాం. సింగపూర్‌లో జరిగిన వేటల్లో ఇంతకంటే నెమ్మదైనది ఉంటుందనుకోను. మూడో నిమిషం దాకా అంతా బాగుంది. నాలుగో నిమిషంలో పంది బాట వదిలి కుడికి తిరిగింది. కుడివైపు చెట్ల చివర కంచెలో ఒక సందు, సందు అవతల బస్సుస్టాపు, బస్సుస్టాపు పక్కన మూడు వరసల రోడ్డు. ఉదయం ఏడున్నరకి దాని మీద లారీలు ఏ వేగంతో పోతాయో నాకు తెలుసు. మత్తులో తూలే పంది ఆ రోడ్డెక్కితే పందితో ఆగదు.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఓబులేసుకి తోచింది. సంచిలోంచి గుమ్మడిముక్క తీసి, థండర్ ముక్కు ముందు ఊపి, సందు వైపు పరుగెత్తాడు.

"రా నాయనా! రా రా, నా బంగారు! ఈ పొద్దు ఒక్కదినం ఉరుకు!"

థండర్ ఉరికింది. కీళ్ళవాతం ఉన్న గుర్రం ఉరికితే ఎలా ఉంటుందో చెప్పాలంటే, పైనున్న నాకు ప్రతి కీలు విడివిడిగా తెలిసింది. పందికి ముందే సందు చేరి, అడ్డంగా నిలబడి, ఓబులేసు చేతిలోని ముక్క అందుకుంది. ముసలి తలుపు వేసినట్టు సందు మూసుకుపోయింది. పంది వచ్చింది, ఆ పొట్ట చూసింది, ఇటు చూసింది, అటు చూసింది. తోవ లేదని తేలాక కంచెలో కలిసిపోయిన బస్సుస్టాపు వెనకగోడకి ఇవతలివైపు గడ్డిలో పడుకుని కళ్ళు మూసుకుంది. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు.

జంతువు పడ్డాక డాక్టరు నిమిషంలో దాని దగ్గరుండాలని నియమం. నాకు నాలుగు నిమిషాలు పట్టింది, ఎందుకంటే దిగడం కూడా నాకు రాదు. ఓబులేసు నన్ను వడ్లబస్తాలా దింపాడు. పందిని పక్కకి తిప్పి, దాని కళ్ళకి తువ్వాలు కట్టి, గుండె వింటుండగా గోడ మీదుగా ఒక చైనీసు ముసలావిడ తొంగి చూసింది. చేతిలో మార్కెట్టు బండి.

"అంకుల్, దిస్ వన్ యువర్ పిగ్ ఆ?"

"నో, ఆంటీ."

"దట్ వన్ యువర్ హార్స్?"

గుర్రం కూడా నాది కాదన్నాను. మరి నీదేమిటని అడిగింది. పక్కనున్న ఊదుగొట్టం చూపించాను. ఆవిడ గొట్టాన్ని, నా గులాబీ కోటుని చూసి, నన్ను ఇంకేమీ ఇబ్బంది పెట్టకూడదని నిర్ణయించుకుంది. బస్సొచ్చింది. డ్రైవరు తలుపు తీసి, కంచె సందులోంచి గుమ్మడికాయ నములుతున్న థండర్‌ని చూశాడు. అది ఎక్కుతుందేమోనని అరక్షణం ఆగాడు. అది ఎక్కలేదు. ఆంటీ ఎక్కింది. మెట్టు మీద నిలబడి, "మకాన్ ఫస్ట్, దెన్ స్లీప్. క్లెవర్ పిగ్ లా," అని చెప్పి వెళ్ళింది. మకాన్ అంటే మలయ్ భాషలో తిండి.

లారీ మనుషులు వచ్చి పందిని ఎత్తారు. మనుషులు తక్కువగా ఉన్న అడవికి దాన్ని తరలించారు. సాయంత్రానికి లేచి తిరుగుతోందని ఫోను వచ్చింది. ముప్పయ్యో తారీఖున నా నివేదిక వెళ్ళింది. బాట తెరిచారు. "పట్టిన విధానం" అన్న గడిలో "ఊదుగొట్టం, గుర్రం మీదనుంచి" అని రాశాను. ఒక అధికారి ఫోన్ చేసి ఇది అచ్చుతప్పా అని మర్యాదగా అడిగాడు. కాదన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పినవి నాలుగు. బోనుకి ఏ వాసనా ఉండకూడదు. పూజ చెయ్యదలిస్తే పట్టిన తర్వాత చెయ్యాలి. ఏ పరికరాన్నయినా బయల్దేరే ముందు కళ్ళతో చూసుకోవాలి, భక్తితో చూసుకుంటే చాలదు. జంతువుని నడిపించేది దాని మీద కూర్చున్నవాడు కాదు, దానికేది ఇష్టమో తెలిసినవాడు.

థండర్ ఇంకో మూడేళ్ళు ఆ బాట మీద పనిచేసింది. మిస్ టాన్ నా బల్లమీద పెట్టిన థండర్ కాగితం సంతకం పడకుండా కొన్నాళ్ళు సొరుగులో ఉంది. దాని వెనకవైపు ఖాళీగా ఉండటం చూసి, దాని మీద థండర్ మేతపట్టిక రాసి సాల తలుపుకి అంటించాను. ఎండుగడ్డి, తవుడు, కీళ్ళమందు. అడుగున ఓబులేసు తన చేత్తో ఇంకో వరస కలిపాడు: శనివారం, గుమ్మడికాయ, రెండు చెక్కలు. ఎందుకని అడగకుండా దాని పక్కన సంతకం చేశాను.